ఇనుముకు నీళ్లు, చేపకు ఐసు

విశాఖపట్నంలో చలువను టన్నుల లెక్కన వాడే చోట్లు రెండున్నాయి. ఒకటి చేపల రేవు. 1976లో ఆ రేవు ఏర్పడ్డాక ఐసు దిమ్మలు, వాటిని నలిపే క్రషర్లు, బోటు అరల్లోకి తట్టలతో ఐసు మోసేవాళ్లు ఆ చుట్టుపక్కల రోజువారీ బతుకులో భాగమైపోయారు. రెండోది ఉక్కు కర్మాగారం. ఏలేరు నుంచి నూట యాభై కిలోమీటర్ల పైచిలుకు కాలువలో వచ్చిన నీళ్లు కణితి రిజర్వాయరుకు చేరి, అక్కడినుంచి బ్లాస్ట్ ఫర్నేసు గోడల్లోకి, వేడిగాలి ఊదే గొట్టాల మూతుల్లోకి, ఉక్కు పోతపోసే రాగి అచ్చుల చుట్టూ పారతాయి. ఆ నీళ్లు ఆగితే పోత ఆపేయాల్సిందే. చేప చెడకుండా, రాగి అచ్చు కరగకుండా చలువను ఇంత లెక్కగా వాడడం నేర్చిన ఊళ్లో, దెబ్బతిన్న మనిషి చేతికి అదే చలువ ఎప్పుడు, ఎలా అందింది? దీనికి సాధారణంగా వినిపించే జవాబు మనకు వైద్య సదుపాయాలు ఆలస్యంగా వచ్చాయని. అది సగమే నిజం. తెగిన వేలి విషయంలో ఆ జవాబు నిలుస్తుంది. కాలిన చేతి విషయంలో నిలవదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లే అసలు లోపం ఎక్కడుందో చాలాకాలం కనబడలేదని నా వాదన.

ముందు రేవు సంగతి. డాల్ఫిన్స్ నోస్ కొండ నీడలో ఉప్పుటేరు లోతు చేసి కట్టిన విశాఖ రేవులోకి 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ వారి ‘జలదుర్గ’ మొదటి ఓడగా వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. మధ్య పరగణాల మాంగనీసు రాయపూర్ రైలు మార్గంలో ఇక్కడికి దిగేది. ఎత్తడం, దించడం, వ్యాగన్లు జతచేయడం అన్నీ చాలావరకు కళాసీల చేతుల మీదే. వించి తిరుగుతుంటే ఇనుప తాడుకూ డ్రమ్ముకూ మధ్య వేళ్లు పడడం, స్లింగు బిగుసుకునేటప్పుడు అరచెయ్యి సరుకుకూ గొలుసుకూ మధ్య చిక్కడం, రెండు వ్యాగన్ల బఫర్ల మధ్య మోచెయ్యి నలగడం — ప్రపంచంలో ఏ రేవులోనైనా ఉండే ప్రమాదాలే ఇవి. ఓడల్లో సరుకు ఎత్తి దించే కూలీల రక్షణకు 1934లో చట్టం చేశారు గానీ, దాన్ని అమల్లోకి తెచ్చేసరికి 1948 వచ్చింది. రేవు కంటే పదేళ్లు ముందు, 1923లో, ఇక్కడ రెండు సంగతులు జరిగాయి. ఆ ఏడు జులైలో కింగ్ జార్జ్ ఆసుపత్రి తెరుచుకుంది. వైద్య కళాశాలా ఆ ఏటిదే. అదే ఏడు ఢిల్లీలో పనివాళ్ల నష్టపరిహార చట్టం వచ్చింది. ఆ చట్టానికి అనుబంధంగా ఒక పట్టిక ఉంది. తర్వాతి సవరణలతో ఇప్పుడు మనకు కనబడే రూపంలో బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం పోయినట్టు, చూపుడువేలు మొత్తం పోతే 14, మధ్యవేలు 12, ఉంగరపు వేలో చిటికెనవేలో అయితే 7 శాతం. కార్మికుడికి ఇది గొప్ప మేలే, అంతకుముందు ఆ మాత్రమూ లేదు. అయితే ఆ పట్టిక రాసినవాళ్ల దృష్టిలో తెగిన వేలు ఇక తిరిగి రానిది. దాని వెల కట్టడమే మిగిలిన పని. 1923లో అది న్యాయమైన ఊహే, ఎందుకంటే తెగిన వేలిని తిరిగి బతికించి అతకగల శస్త్రవైద్యం అప్పటికి లోకంలో ఎక్కడా లేదు.

ఐసు మాత్రం ఉంది. అమెరికాలోని బోస్టన్ చెరువుల ఐసు 1833లోనే కలకత్తాలో దిగింది. ఆ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ మద్రాసు సముద్రతీరాన కట్టించిన ఐస్ హౌస్ ఇప్పటికీ ఉంది. విశాఖ అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమే. దొరల గ్లాసుల్లో పడే ఐసు గాయానికి ఎందుకు రాలేదని అడిగితే, వచ్చిందనే చెప్పాలి, కాకపోతే వేరే పనికి. గాయం మీద మంచు పెట్టమని హిప్పోక్రటీస్ కాలంనుంచీ ఉంది. నెపోలియన్ సేనల శస్త్రవైద్యుడు లారే 1807లో ఐలావు యుద్ధంలో గడ్డకట్టే చలిలో కాళ్లూ చేతులూ కోస్తుంటే సైనికులకు నొప్పి తక్కువగా ఉందని గమనించాడు. ఇంగ్లండులో జేమ్స్ ఆర్నట్ ఐసూ ఉప్పూ కలిపి చర్మం మొద్దుబారేలా చేసి కోతకు వాడాడు. 1940ల తొలి ఏళ్లలో న్యూయార్కులో ఫ్రెడరిక్ ఆలెన్, అతని తోటివాళ్లు టూర్నికే బిగించి కాలిని ఐసులో ఉంచితే కండ ఎక్కువసేపు చావకుండా ఉంటుందని జంతువుల మీద చూపి, కుళ్లిన కాళ్లు తీసేసే ముందు ముసలివాళ్లకు ఆ పద్ధతి వాడారు. యుద్ధంలో గాయపడ్డ కాళ్లకూ అదే చేయవచ్చన్న ఆశ అప్పుడు గట్టిగానే ఉండేది. అది నిలబడలేదు. కారణం తేలికగానే బోధపడుతుంది. ఇంకా ఒంటికి అంటుకుని, కాస్తో కూస్తో రక్తం అందుతున్న కాలిని లోతుగా చలువ చేస్తే రక్తనాళాలు ముడుచుకుని ఆ కాస్త రక్తమూ తగ్గుతుంది. టూర్నికే బిగించి ఐసులో పెడితే కండ చావు వాయిదా పడుతుంది తప్ప, రక్తాన్ని తిరిగి పంపగల చెయ్యి అటువైపు లేకపోతే చివరికి ఆ కాలు కోయక తప్పదు. వీళ్లందరి అనుభవంలో ఉమ్మడిగా కనబడేది ఒకటే. చలువ ప్రాణం పోయదు. గడువు ఇస్తుంది. గడువును వాడుకునేవాడు లేనిచోట దానికి విలువ లేదు.

ఆ గడువు ఎంత? శరీరం వేడిలో, అంటే 37 డిగ్రీల దగ్గర, రక్తం అందని కండ ఆరు గంటలు దాటితే తిరిగి పనికిరాకుండా పోతుంది. ప్రతి పది డిగ్రీలు తగ్గించినప్పుడల్లా కణాల ఆకలి సుమారు సగానికి, కొన్నిసార్లు అంతకన్నా కిందికి దిగుతుంది. అందుకే చల్లగా ఉంచిన చెయ్యి పన్నెండు గంటల దాకా ఆగుతుంది. వేలి సంగతి ఇంకా నయం. వేలిలో కండ లేదు, ఎముక, నరం, స్నాయువు, చర్మం మాత్రమే. వేడిలోనే పన్నెండు గంటలు, చలువలో ఇరవై నాలుగు గంటలు ఆగుతుంది; నాలుగో రోజున అతికించినా బతికిన వేళ్ల గురించి తైవాన్ వైద్యులు 1988లో రాశారు. అయితే చలువ ఎలా అన్నదే కీలకం. చేపల రేవులో పనిచేసేవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. నలిపిన ఐసు కరుగుతూ ఉంటేనే చేప సరిగ్గా సున్నా డిగ్రీల దగ్గర నిలుస్తుంది, మొప్పలు ఎర్రగా ఉంటాయి, కండ బిగి తగ్గదు. ఐసులో ఉప్పు కలిపితే సున్నాకన్నా కిందికి పోయి గడ్డకడుతుంది. గడ్డకట్టి కరిగిన చేప కండ నీళ్లు కారి పీచవుతుంది, ఎందుకంటే లోపలి నీరు పలుకులుగా మారి కణాల పొరలను చీల్చేస్తుంది. తెగిన వేలికీ సరిగ్గా ఇదే సూత్రం. శుభ్రమైన ఉప్పునీళ్లలో, అది లేకపోతే మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డలో వేలిని చుట్టాలి, నీళ్లు చొరబడని ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించాలి, ఆ సంచిని ఐసూ నీళ్లూ కలిసిన డబ్బాలో ఉంచాలి. ఐసు ముక్క వేలికి నేరుగా తగలకూడదు, వేలు నీళ్లలో తేలనూ కూడదు. మంచి మనసుతో ఎవరో తెగిన వేలిని నేరుగా ఐసుగడ్డల్లో పాతిపెట్టి తెస్తే, శస్త్రవైద్యుడి చేతికి అందేది ఉడకబెట్టినంత పాడైన చర్మం.

ఈ పద్ధతికి అర్థం వచ్చింది 1960లలోనే. 1962 మేలో బోస్టన్‌లో సరుకు రైలు కింద భుజం దగ్గర తెగిన పన్నెండేళ్ల కుర్రాడి చేతిని రోనాల్డ్ మాల్ట్ బృందం తిరిగి అతికించింది. 1963 జనవరిలో షాంఘైలో పంచింగ్ ప్రెస్ కింద మణికట్టు దగ్గర తెగిన కార్మికుడి చేతిని చెన్ చోంగ్‌వెయ్ నిలబెట్టాడు. 1965లో జపాన్‌లోని నారాలో కొమాత్సు, తమాయ్ మైక్రోస్కోపు కింద పూర్తిగా తెగిన బొటనవేలిని అతికారు. సరుకు రైలు, పంచింగ్ ప్రెస్: ఆ తొలి గాయాలు ఏ ఆయుధాల వల్లో వచ్చినవి కావు, రేవుల్లోనూ షెడ్లలోనూ రోజూ చూసే ఇనుము వల్ల వచ్చినవి. మన వైపు చేతి శస్త్రచికిత్సను ప్రత్యేక విద్యగా నిలబెట్టింది మద్రాసు స్టాన్లీ ఆసుపత్రి, 1970లలో ఆర్. వెంకటస్వామి అక్కడ ఆ పని మొదలుపెట్టాడు. విశాఖనుంచి మద్రాసు రైలులో దాదాపు 800 కిలోమీటర్లు, ఒక రాత్రీ మరికొంత పగలూ. వేడిలో ఉన్న వేలికి ఆ ప్రయాణం అందనిది. చలువలో ఉన్న వేలికి, కనీసం లెక్క ప్రకారం, అందేది. ఐసు విలువ ఊళ్లో ఎంత ఐసు ఉందన్నదాన్నిబట్టి మారలేదు, అతికే చెయ్యి ఎంత దూరంలో ఉందన్నదాన్నిబట్టి మారింది. 1965 ముందు విశాఖలో ఎవరూ తెగిన వేలిని ఐసులో పెట్టకపోతే వాళ్లను తప్పుపట్టడానికి ఏమీ లేదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. రేవులోనూ రోలింగ్ మిల్లులోనూ జరిగే గాయాలు కత్తితో తెగినట్టు తెగవు. నలుగుతాయి, లాక్కుపోతాయి, నరాలూ రక్తనాళాలూ దారాల్లా సాగి తెగుతాయి. అలాంటివాటిలో చాలావాటిని అతికించలేరు. అతికించినా మొద్దుబారి, వంగని వేలు పనికి అడ్డమవుతుంది. అలాంటప్పుడు ఈ సంచీ ఐసూ హడావుడి ఎందుకు? అతికించలేరన్న మాట నిజమే. అయితే ఆ మాట అనాల్సింది గాయాన్ని వెలుతురులో, పెద్దదిగా చూసి తేల్చగల శస్త్రవైద్యుడు. గొలుసు పక్కన నిలబడి, రక్తం చూసి కంగారుపడ్డ మేస్త్రీ కాదు. పనికిరాదనుకున్న వేలి చర్మాన్ని తీసి పక్క వేలి గాయానికి కప్పుగా వేయవచ్చు. ఒక వేలి ఎముకనో నరాన్నో ఇంకో వేలు నిలబెట్టడానికి వాడవచ్చు. నాలుగు వేళ్లూ పోయినచోట ఒక్క బొటనవేలు దక్కినా పట్టుకోవడానికి పనికొస్తుంది. తెగిన ముక్కను చెత్తబుట్టలో వేసినా, వేడి జేబులో వేసుకుని వచ్చినా ఈ దారులన్నీ దెబ్బ తగిలినచోటే మూసుకుపోతాయి. చలువ వాటిని తెరిచి ఉంచుతుంది. అంతకుమించి దానినుంచి ఆశించకూడదు, అంతకంటే తక్కువగానూ చూడకూడదు.

ఇక ఉక్కు సంగతి. ఇక్కడ నా గొంతు కాస్త పెరిగితే పాఠకులు క్షమించాలి. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ ప్రాణాలిచ్చి తెచ్చుకున్న కర్మాగారం ఇది. 1971 జనవరిలో శంకుస్థాపన, 1990లో ‘గోదావరి’ అని పేరుపెట్టిన మొదటి ఫర్నేసు రాజుకోవడం, 1992 ఆగస్టు 1న జాతికి అంకితం — ఇరవై ఏళ్లకు పైబడ్డ నిరీక్షణ. ఇక్కడి ప్రధాన గాయం తెగడం కాదు, కాలడం. ఫర్నేసునుంచి దిగే ఇనుము 1,500 డిగ్రీలకు దగ్గర, పోతకు వెళ్లే ఉక్కు అంతకంటే ఎక్కువ. ఒక చుక్క బూటులోకి జారితే అది చల్లారేలోపు ఎముక దాకా దిగుతుంది. చర్మం మీది వేడి పైపొరతో ఆగదు. వేడి మూలం తీసేశాక కూడా లోపలి పొరలను కాలుస్తూనే ఉంటుంది. ఆ లోపలి కాలుడును ఆపడానికి డాక్టరూ అక్కర్లేదు, మైక్రోస్కోపూ అక్కర్లేదు. కుళాయి నీళ్లు చాలు, ఇరవై నిమిషాలు పారించాలి. ఆలస్యమైనా మూడు గంటలలోపు చేస్తే మేలు ఉంటుంది. ఐసు వద్దు, అది కాలిన చర్మానికి రక్తం తగ్గించి గాయాన్ని లోతు చేస్తుంది. ఈ జ్ఞానం కొత్తదేమీ కాదు. లండన్‌లో జేమ్స్ ఎర్ల్ 1799లోనే కాలిన గాయాలకు చల్లదనం వాడమని పుస్తకం అచ్చేశాడు. 1960లో లాస్ ఏంజిలస్ వైద్యుడు అలెక్స్ షుల్మన్ నూట యాభైమంది రోగుల అనుభవాన్ని ప్రచురించాడు. ఆ దశాబ్దంలోనే ఐస్‌లాండ్‌లో ఓఫీగ్సన్ ఎలుకల మీద పరీక్షించి, మరీ చల్లని నీళ్లకంటే మామూలు చల్లని నీళ్లే మేలని చూపాడు. విశాఖ ఫర్నేసు రాజుకునేనాటికి ఇదంతా ముప్పై ఏళ్ల పాతమాట. అంటే తెగిన వేలికి ఉన్న సాకు కాలిన చేతికి లేదు.

అయినా నీళ్లు పోయడానికి చెయ్యి ఎందుకు వెనక్కి పోయేది? మూర్ఖత్వం అనేస్తే అన్యాయమవుతుంది, దీనికి రెండు మూలాలున్నాయి, రెండూ గౌరవించదగ్గవే. మొదటిది షాపు క్రమశిక్షణ. కరిగిన లోహం కింద ఎక్కడైనా గుక్కెడు నీళ్లు చిక్కితే అవి క్షణంలో ఆవిరై, పైన ఉన్న లోహాన్ని పిడుగులా పేల్చేస్తాయి. లాడిల్ దగ్గరా, స్లాగ్ గుంటల దగ్గరా తడి కనబడితే గుండె ఆగినంత పనవుతుంది. నీళ్లంటే చావు అని ఏళ్ల తరబడి ఒంటికి పట్టించుకున్న మనిషి, పక్కవాడు కాలగానే బకెట్టు కోసం పరుగెత్తడం స్వభావానికి ఎదురీతే. అందుకే కాలినవాడికి నీళ్లు పోసే షవరు లోహానికి దూరంగా, కానీ నాలుగడుగుల్లో అందేచోట ఉండాలి. అది కట్టేవాడు ముందే ఆలోచించాల్సిన విషయం, కాలినవాడు ఆలోచించేది కాదు. రెండోది మన ఇళ్లలో పెరిగిన మాట. కాలినచోట నీళ్లు పడితే బొబ్బలెక్కుతాయి. ఉత్తరాంధ్ర పల్లెనుంచి వచ్చిన ఏ కార్మికుడికైనా తల్లి నోట విన్న మాట ఇదే. నీళ్లకు బదులు సిరా, పసుపు, టూత్‌పేస్టు రాసేవాళ్లు, ఆపై పచ్చటి బర్నాల్ ట్యూబు వచ్చింది. దీన్ని ఉత్త మూఢనమ్మకం అనకూడదు. సుశ్రుత సంహితలో పైపైన చురుక్కుమన్న కాలుడుకు వెచ్చదనమే మంచిదనీ, చన్నీళ్లు రక్తాన్ని గడ్డకట్టిస్తాయనీ ఉంది. లోతుగా కాలినప్పుడు చలువ చికిత్స చెప్పిందీ ఆ గ్రంథమే. ఈ విభజనలో రెండో సగం వాడుకలో రాలిపోయి, మొదటి సగం మాత్రమే మన వంటిళ్లలో మిగిలినట్టుంది. గమనించి రాసిన మాటే అది. గమనించినవాళ్లు తర్వాతి కాలంలో ఇంకా బాగా గమనించారు, అంతే.

ఇంటి మాటను సరిదిద్దాల్సిన చోటు ఫ్యాక్టరీ ప్రథమ చికిత్స పెట్టె. 1948 ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షను ప్రకారం నూట యాభైమందికి ఒక పెట్టె, అయిదువందలమంది దాటితే అంబులెన్స్ గది ఉండాల్సి ఉండేది. ఆ చట్టం కింద చేసిన నిబంధనల్లోని సామాను జాబితాలు చూడండి. కట్లు, అయోడిన్, కత్తెర, పాముకాటుకు గాటుపెట్టే చిన్న కత్తి, కాలిన గాయానికి మందు. అంబులెన్స్ గదికి బల్ల, స్ట్రెచరు, కంబళ్లు, నీళ్లు మరిగించే కెటిలు, రెండు రబ్బరు వేడినీటి సంచులు. తెగిన వేలిని వేసే ప్లాస్టిక్ సంచీ, ఐసు డబ్బా అందులో చోటు దక్కించుకోలేదు. ఆ జాబితా రాసినవాళ్లకు మనిషి వణికిపోవడం కళ్లముందుంది. రక్తం పోయినవాడి ఒళ్లు చల్లబడితే రక్తం గడ్డకట్టదు, గుండె తడబడుతుంది, మనిషి పోతాడు. ఆ భయం నేటి వైద్యమూ ఒప్పుకునేదే. చలువ వాదానికి ఉన్న అతి గట్టి అభ్యంతరమూ ఇదే. ఒళ్లంతా కాలినవాడిని ఇరవై నిమిషాలు నీళ్ల కింద నిలబెడితే, ముఖ్యంగా పిల్లలనూ ముసలివాళ్లనూ, వేడి కన్నా చలి ముందు చంపుతుంది. దీనికి జవాబు మధ్యేమార్గంలో లేదు, రెండింటినీ విడిగా పట్టుకోవడంలో ఉంది. గాయానికి చలువ, మనిషికి వెచ్చదనం. చెయ్యి కుళాయి కింద, ఒంటిమీద కంబళి. కంబళీ వేడినీటి సంచీ జాబితాలో ఉండాల్సినవే, వాటి పక్కన ఇంకో వరుస రాయలేదన్నదే ఫిర్యాదు. ఆ వరుస రాయడానికి కావాల్సిన జ్ఞానం, కుళాయి, ఐసు, అన్నీ ఊళ్లో ఉన్నాయి.

ప్రమాదమే జరగకుండా చూడాలి కదా, గార్డు లేని యంత్రాన్ని వదిలి గాయం గురించి మాట్లాడడమేమిటి అని కార్మిక నాయకులు అడుగుతారు, అడగాలి కూడా. రేవులో ఇనుప ఖనిజం ఎత్తడం యంత్రాల చేతికి పోయాక ఎన్ని చేతులు దక్కాయో, అన్నిటిని ఏ ఆసుపత్రీ దక్కించి ఉండదు. కానీ 1997 సెప్టెంబరులో విశాఖ రిఫైనరీలోనూ, 2012 జూన్‌లో ఉక్కు కర్మాగారం ఆక్సిజన్ విభాగంలోనూ జరిగిన పేలుడు ప్రమాదాలు చూశాక, నివారణ పూర్తయ్యే రోజు కోసం చికిత్సను ఆపి ఉంచలేం. పెద్ద సంస్థలకు సొంత ఆసుపత్రులున్నాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు తర్వాత పాతిక కిలోమీటర్ల దారి కూడా లెక్కలోకి వచ్చే దూరమైంది. మిగిలింది గాజువాక ఆటోనగర్ లాంటి చోట్లు. పదిమందీ ఇరవైమందీ పనిచేసే షెడ్లు, అయిదువందల లెక్కకు ఎన్నడూ రానివి, పవర్ ప్రెస్సులూ షీట్లు కోసే కత్తెర యంత్రాలూ ఉన్నవి. వేళ్లు కత్తిరించినంత శుభ్రంగా, అంటే అతికించడానికి వీలుగా, తెగేది సరిగ్గా అలాంటి యంత్రాల కిందే. అక్కడ అంబులెన్స్ గది ఉండదు, ఉండాలని చట్టమూ అనదు. అక్కడికి దగ్గర్లో దొరికే ఐసు వీధి చివర చెరుకురసం బండి మీది గోనెసంచిలో ఉంటుంది. సంచిలో సంచి పెట్టి, ఐసు తగలకుండా, తెగిన సమయం రాసి పంపమని ఆ షెడ్డు గోడమీద తెలుగులో నాలుగు వరుసలు, కాలితే ముందు కుళాయి అని అయిదో వరుస అంటించడానికి ఫ్యాక్టరీల శాఖకు కొత్త చట్టం అక్కర్లేదు. ప్రథమ చికిత్స పెట్టెలో ఒక కరపత్రం ఉండాలని పాత నిబంధన ఎప్పుడో చెప్పింది.